పిక్కలో నొప్పి నడుముకు ఎక్కితే మంచిదే

డిస్క్ జారిందని చెప్పగానే అందరూ నా నడుము వైపు చూసేవారు. నడుములో నాకు పెద్ద బాధేమీ లేదు. నొప్పంతా కుడి పిర్ర లోపల మొదలై, తొడ వెనకగా దిగి, పిక్కలో తిష్ఠ వేసి, అరికాలి అంచు మీదుగా చిటికెన వేలి దాకా పోయేది. కూర్చుంటే ఎక్కువ, నిలబడితే కాస్త నయం, నెమ్మదిగా నడిస్తే ఒక్కోసారి ఏమీ లేనట్టే ఉండేది. దగ్గినా తుమ్మినా పిర్ర నుంచి మడమ దాకా జివ్వున లాగేది. తుమ్ము వస్తోందంటే ముందు గోడో బల్లో పట్టుకునేవాణ్ని.

మాది ఒంగోలు. చిన్న జిరాక్స్, డీటీపీ షాపు. పొద్దున కుర్చీలో కూర్చుంటే పెళ్లి కార్డులు, ఆధార్ ప్రింట్లు, కాలేజీ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు, మధ్యలో పాంప్లెట్లు. భోజనానికి తప్ప లేచేది తక్కువ. కాగితం లోడు వచ్చిన రోజు మాత్రం మోతపని. ఏ4 రీము ఒక్కటే రెండు కిలోల పైన ఉంటుంది, పది రీముల పెట్టె 23 కిలోల దాకా తూగుతుంది. అలాంటి పెట్టెలు ఏళ్ల తరబడి ఎత్తినా ఏమీ కాలేదు. ఒకరోజు కింద పడిన స్టాప్లర్ పిన్నుల డబ్బీ కోసం కుర్చీలోంచే పక్కకు వంగితే నడుములో కలుక్కుమంది. రెండు మూడు రోజులు పట్టేసినట్టు ఉండి తగ్గింది. తగ్గిందని సంబరపడే లోపే కాలు మొదలైంది.

మా అమ్మకు ఇలాంటివాటికి ఒకటే మందు. "ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళ చేత తొక్కించుకో నాయనా, ఇట్టే వదిలిపోద్ది." మా పాత వీధిలో అలా పుట్టిన పెద్దావిడ ఒకరున్నారు. తెల్లవారుజామునే ఆవిడ వాకిట్లో నడుము పట్టిన వాళ్ళు నలుగురైనా ఉంటారు. అమ్మ మాట తీసెయ్యలేక వెళ్ళాను. ఆవిడ నన్ను బోర్లా పడుకోమనకముందే, "నొప్పి ఎక్కడిదాకా పోతోంది?" అని అడిగారు. చిటికెన వేలిదాకా అన్నాను. "అయితే నేను కాలు పెట్టను బాబూ. కాల్లోకి దిగిందంటే అది వేరే. డాక్టరు దగ్గరికి పో" అని పంపించేశారు. తర్వాత నేను చూపించుకున్న డాక్టర్లలో ఆ ప్రశ్న అంత సూటిగా అడిగినవాళ్ళు తక్కువే.

మా బావ పుత్తూరు తీసుకెళ్తానన్నాడు. పుత్తూరు కట్టుకు పేరొచ్చింది విరిగిన ఎముకలకు. నాకు విరిగింది ఏమీ లేదని చెప్పి ఆపాను.

మొదట చూసిన డాక్టరు ఇంజెక్షన్ చేసి, బిళ్ళలు రాసి, నడుముకు బెల్టు ఇచ్చి, మంచం దిగొద్దన్నారు. షాపు కుర్రాడికి అప్పజెప్పి పడుకున్నాను. మొదటి రెండు రోజులు హాయిగానే ఉంది. ఆ తర్వాత పక్క మీద నుంచి లేవడమే ఒక గండమైంది. కాళ్ళలో సత్తువ పోయినట్టు, బుర్రంతా మొద్దుబారినట్టు ఉండేది. ఇంట్లో అందరూ పనుల్లో ఉంటే పైకి చూస్తూ పడుకున్నవాడికి ఆలోచనలు తప్ప ఇంకేముంటాయి? షాపు అద్దె, పిల్ల ఫీజు, రేపు అసలు నడవగలనా అన్న టెన్షన్. నొప్పి మాత్రం పిక్కలోంచి కదల్లేదు. మామూలు నడుము నొప్పికి రెండు రోజుల పడకకూ ఏడు రోజుల పడకకూ ఫలితంలో తేడా లేదని అమెరికాలో 1986లోనే ఒక అధ్యయనం తేల్చింది. కాల్లోకి దిగిన సయాటికా నొప్పికి కూడా మంచం పట్టడం వల్ల ఒరిగేదేమీ లేదని 1999లో నెదర్లాండ్స్‌లో చూశారు. అయినా మన దగ్గర "కంప్లీట్ బెడ్ రెస్ట్" అన్న మాట మందుల చీటీ మీద ఇంకా కనిపిస్తూనే ఉంది.

తగ్గకపోయేసరికి ఎంఆర్ఐ. గొట్టంలో కదలకుండా పడుకుంటే చుట్టూ టకటకా మోతలు. నాకు ఆ మోతలకంటే కాలు చాచి వెల్లకిలా అంతసేపు ఉండటమే కష్టమైంది. మోకాళ్ళ కింద దిండు పెట్టమని టెక్నీషియన్‌ను అడగొచ్చు. అడిగితే పెడతారు. రిపోర్టులో ఎల్5-ఎస్1 దగ్గర, అంటే నడుములో అన్నిటికంటే కింది డిస్క్ దగ్గర, కుడివైపు ఎక్స్‌ట్రూషన్ (లోపలి గుజ్జు పొర దాటి బయటికి రావడం), ఎస్1 నరం మొదలు మీద ఒత్తిడి, దాని పైనున్న ఎల్4-ఎల్5 దగ్గర బల్జ్ (డిస్క్ కాస్త ఉబ్బడం), ఇంకా ఏవో "డీజనరేటివ్ ఛేంజెస్", అంటే అరుగుదల మార్పులు, అని రాసి ఉంది. ఎంఆర్ఐ తీయించిన ఆసుపత్రిలో నన్ను మంచం మీద పడుకోబెట్టి చూసిందే లేదు. ఫిల్మ్ లైటు పెట్టె మీద పెట్టి, "ఈ వారంలోనే ఆపరేషన్. లేటైతే కాలు చచ్చుబడొచ్చు" అన్నారు. అడ్వాన్సు ఎంత కట్టాలో కౌంటర్లో చెప్తారన్నారు. మా ఆవిడ అక్కడే, "ఇంకొకరికి చూపిద్దామండీ, ఒక్కరోజులో మునిగిపోయేదేముంది?" అంది.

గుంటూరులో ఒక స్పైన్ సర్జన్ దగ్గరికి వెళ్ళాం. ఆయన రిపోర్టు కవరు పక్కన పెట్టి ముందు చెప్పులు విప్పమన్నారు. మునివేళ్ళ మీద నడవమన్నారు, మడమల మీద నడవమన్నారు. ఎడమకాలి మీద నిలబడి మడమ ఎత్తితే లేచింది. కుడికాలి మీద నిలబడితే రెండోసారికే మడమ నేలకు అతుక్కుపోయింది. అది నాకు అప్పటిదాకా తెలియనే లేదు. సుత్తితో మడమ వెనక ఉండే స్నాయువు మీద కొడితే ఎడమ పాదం ఎగిరింది, కుడి పాదం ఉలకలేదు పలకలేదు. వెల్లకిలా పడుకోబెట్టి మోకాలు వంచకుండా కాలు పైకెత్తారు. సగం లేవకముందే పిక్క దాకా లాగి అబ్బా అన్నాను. చివరికి దూది ముక్కతో పాదం అంచు తాకి, "తెలుస్తోందా?" అని అడిగారు. ఎడమకాలికి తెలిసినట్టు కుడికాలికి తెలియలేదు.

"ఇప్పుడు నీ ఎంఆర్ఐ చూస్తాను" అని కవరు విప్పారు. పరీక్షలో కనిపించినదీ, స్కాన్‌లో ఉన్నదీ ఒకే నరం దగ్గర కలిశాయన్నారు. మడమ ఎత్తలేకపోవడం, సుత్తితో కొడితే పాదం ఎగరకపోవడం, చిటికెన వేలి వైపు మొద్దుబారడం అన్నీ ఎస్1 నరం గుర్తులు. పైనున్న ఎల్5 నరం నలిగి ఉంటే బొటనవేలు, పాదం పైకి ఎత్తడం కష్టమయ్యేది. ఇక ఎల్4-ఎల్5 బల్జ్ సంగతి వదిలెయ్యమన్నారు. నొప్పే లేని మామూలు మనుషుల స్కాన్‌లు తీసి చేసిన అధ్యయనాలన్నిటినీ కలిపి 2015లో లెక్క కడితే, 40 ఏళ్ల వయసులో సగం మందికి డిస్క్ బల్జ్ కనిపించిందట, 80 ఏళ్లకు 84 శాతం మందికి. "జుట్టు నెరవడం కూడా డీజనరేటివ్ ఛేంజే. దానికి ఆపరేషన్ చెయ్యం కదా" అన్నారు. నాకు అప్పుడు నలభై రెండు నిండాయి. జుట్టు ఎప్పుడో నెరిసింది.

డిస్క్ అంటే ఏమిటో ఆయన చెప్పినంత తేలిగ్గా ఇంకెవరూ చెప్పలేదు. పూర్ణం బూరెను ఒక పక్క నొక్కితే రెండో పక్క తోపు చిట్లి పూర్ణం బయటికి వస్తుంది. వెన్నుపూసల మధ్య ఉండే డిస్క్‌కు కూడా చుట్టూ గట్టి పొరలు, లోపల మెత్తటి గుజ్జు. ముందుకు వంగి, పైగా పక్కకు తిరిగితే ఒత్తిడి వెనక్కి పోతుంది. ఏళ్ల తరబడి బీటలు వారిన పొర ఏదో ఒక చిన్న కదలికకు పూర్తిగా చిరుగుతుంది. నా పిన్నుల డబ్బీ చేసిన పని అదే. జారిందంటాం గానీ డిస్క్ మొత్తంగా జారిపోయేదేమీ ఉండదు, లోపలి గుజ్జు కొంత బయటికి వస్తుంది. అది నరాన్ని నొక్కడం ఒక బాధైతే, దాని రసాయనాలు నరాన్ని వాచేలా చేయడం ఇంకో బాధ. నడుములో జరిగే ఇలాంటి హెర్నియేషన్లలో 90 శాతానికి పైగా కింది రెండు డిస్కుల్లోనే, అంటే ఎల్4-ఎల్5, ఎల్5-ఎస్1 దగ్గరే వస్తాయి.

నన్ను ఆశ్చర్యపరిచింది తర్వాతి మాట. బయటికి వచ్చిన గుజ్జును ఒంట్లోని రక్షణ కణాలు పరాయి పదార్థంగా చూసి కొంచెం కొంచెంగా తినేస్తాయట. పైగా పొర దాటి ఎక్కువ బయటికి వచ్చినదే ఎక్కువగా కరుగుతుంది. 2015లో వచ్చిన మరో సమీక్షలో, పూర్తిగా తెగి విడిపోయిన ముక్కలు 96 శాతం, ఎక్స్‌ట్రూషన్లు 70 శాతం, కొంచెమే పొడుచుకొచ్చిన ప్రొట్రూషన్లు 41 శాతం వాటంతటవే తగ్గాయి. మామూలు బల్జ్‌లు 13 శాతమే. రిపోర్టులో భయంకరంగా ఉన్న మాటే కోలుకోవడానికి ఎక్కువ అవకాశం ఉన్న మాట అన్నమాట. ఇంటికి వచ్చాక అమ్మకు ఇది చెప్తే నమ్మలేదు.

ఆపరేషన్ వద్దని ఆయన అనలేదు. నొప్పి భరించలేకపోతే, నరాన్ని నొక్కే గుజ్జు ముక్కను చిన్న కోతతో తీసేసే మైక్రోడిస్కెక్టమీ మంచి ఆపరేషనేనన్నారు. తీవ్రమైన సయాటికా ఉన్న 283 మందిని నెదర్లాండ్స్‌లో రెండు భాగాలు చేసి, కొందరికి త్వరగా ఆపరేషన్ చేసి, మిగతావాళ్ళను ఆగి చూశారు. ఫలితాలు 2007లో వచ్చాయి. ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళకు చాలా త్వరగా నొప్పి తగ్గింది. ఏడాది తిరిగేసరికి రెండు వైపులా 95 శాతం మంది కోలుకున్నామన్నారు. ఆగినవాళ్ళలో 39 శాతం మంది మధ్యలో ఆపరేషన్‌కే వెళ్ళారన్నది కూడా దాచలేదు. "ఏడాదికి చూస్తే ఇద్దరూ ఒకచోటికే చేరతారు. మధ్యలో ఎంత బాధపడగలవన్నదే నువ్వు తేల్చుకోవాల్సింది. ఆరు వారాలు చూద్దాం" అన్నారు. ఒక కాగితం మీద మాత్రం ఎర్ర పెన్నుతో రాసిచ్చారు: మూత్రం రాకపోయినా, తెలియకుండా పోయినా, మల విసర్జన మీద పట్టు తప్పినా, రెండు తొడల మధ్య, కూర్చునే చోట మొద్దుబారినా, కాలి బలం రోజురోజుకీ తగ్గుతున్నా అపాయింట్‌మెంట్లూ ఫోన్లూ లేకుండా అదే రోజు ఎమర్జెన్సీకి రావాలి. అప్పుడు ఆగడం అనే మాటే లేదు. ఆ కాగితం మా ఆవిడ ఫ్రిజ్‌కు అంటించింది.

అసలు పాఠం మొదలైంది ఫిజియోథెరపీలో. ఆ అమ్మాయి వయసులో నాకంటే చాలా చిన్నది, పనిలో మాత్రం గట్టిది. మొదటి రోజే మనిషి బొమ్మ గీసిన కాగితం ఇచ్చి, నొప్పి ఉన్నంత మేరా పెన్సిల్‌తో రంగు వెయ్యమంది. "నొప్పి పదికి ఎంత అని అడగను సార్. ఎక్కడిదాకా ఉందో అదే నాకు చెప్పండి" అంది. మంచం మీద బోర్లా పడుకోబెట్టింది, అంతే. కొంతసేపటికి మోచేతుల మీద లేవమంది. తర్వాత నడుము బల్లకు ఆనించే ఉంచి, అరచేతులతో నొక్కి ఛాతీ పైకెత్తమంది. నడుములో నొప్పి పెరిగింది. అమ్మో ఎక్కువైంది, ఆపేద్దామన్నాను. "కాల్లో?" అంది. అప్పుడు గమనించాను, పాదం అంచున ఏమీ లేదు. పిక్కలో పలచబడింది. "నడుముకు ఎక్కింది కదా, అదే కావాలి. కిందికి దిగితే మాత్రం వెంటనే ఆపేయండి" అంది.

ఈ పద్ధతి వెనక ఒక కథ ఉందని చెప్పింది. 1956లో న్యూజిలాండ్‌లో రాబిన్ మెకంజీ అనే ఫిజియోథెరపిస్టు దగ్గర ఒక రోగి, తల వైపు ఎత్తుగా ఉన్న బల్ల మీద పొరపాటున బోర్లా పడుకున్నాడట. మెకంజీ వచ్చి చూసేసరికి అతని కాలి నొప్పి పోయి నడుము మధ్యకు వచ్చేసింది. నొప్పి కాలి చివర నుంచి వెన్ను వైపు వెనక్కి తగ్గడాన్ని సెంట్రలైజేషన్ అంటారు. అది కనిపించినవాళ్ళు ఆపరేషన్ లేకుండా కోలుకునే అవకాశం ఎక్కువ. అందరికీ ఈ వ్యాయామమే పడుతుందని కాదు. వెన్ను నాళం ఇరుకైన పెద్దవాళ్ళకు వెనక్కి వంగితే ఎక్కువవుతుంది, ముందుకు వంగితేనే హాయి. అందుకే ఫోన్లో వీడియో చూసి మొదలుపెట్టడం నాకు నచ్చదు. ఎవరో ఒకరు చూసి, ఏ వైపు వంగితే నొప్పి పైకి ఎక్కుతోందో తేల్చాలి.

అప్పటి నుంచి రోజూ రాత్రి పడుకునే ముందు పెన్సిల్‌తో రంగు వేసేవాణ్ని. చిటికెన వేలు, పాదం, పిక్క, మోకాలి వెనక, తొడ, పిర్ర. మందంగా ఉందా పలచగా ఉందా అన్నది పక్కన పెట్టి, ఎక్కడ ఆగిందన్నదే చూసుకునేవాణ్ని. కొన్ని రోజులు నడుము విరిగిపోతుందేమో అన్నంత ఉన్నా రంగు మోకాలి దగ్గరే ఆగేది. అది మంచి రోజు. ఇంకొన్ని రోజులు నొప్పి పెద్దగా లేకపోయినా పాదం తిమ్మిరెక్కేది, ఆ రోజు ఏం చేశానో వెనక్కి వెతుక్కునేవాణ్ని. ఆ వెతుకులాటలోనే నాకు సరిపడనివి బయటపడ్డాయి.

ఒకటి పొద్దున పూట వంగడం. రాత్రంతా పడుకుంటే డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి, అందుకే పొద్దున లేచేసరికి మనిషి ఒకటి రెండు సెంటీమీటర్లు పొడుగ్గా ఉంటాడు. ఆ మొదటి గంటలో ముందుకు వంగితే డిస్క్ మీద ఒత్తిడి ఎక్కువ. నాకు బకెట్ ఎత్తడం, వంగి ముఖం కడగడం, సాక్సులు తొడగడం అన్నీ ఆ గంటలోనే. వాష్‌బేసిన్ అంచు మీద ఒక చెయ్యి ఆనించి, మోకాళ్ళు కొంచెం వంచి ముఖం కడగడం నేర్చుకున్నాను. ప్యాంటు పడుకునే వేసుకునేవాణ్ని. మాది కింద కూర్చునే మరుగుదొడ్డి. దాని మీద పెట్టే రంధ్రం ఉన్న ప్లాస్టిక్ కుర్చీ మెడికల్ షాపుల్లో దొరుకుతుంది. నా మొత్తం ఖర్చులో దానికి పెట్టినంత సార్థకమైన ఖర్చు ఇంకోటి లేదు. బెల్టు మాత్రం బైటికి వెళ్ళేటప్పుడు, అదీ కొన్నాళ్ళే. ఎప్పుడూ కట్టుకునే ఉంటే కండరాలు బద్ధకిస్తాయని ఫిజియో అమ్మాయి లాగేసుకుంది.

బండి ఇంకొకటి. ఒంగోలు స్పీడ్ బ్రేకర్లు ఎన్ని ఉన్నాయో నా కుడి పిర్రకు తెలిసినంతగా మున్సిపాలిటీకి తెలియదు. కొన్నాళ్ళు షాపుకు నడిచే వెళ్ళాను, తర్వాత ఆటోలో ముందుకు వాలకుండా కూర్చుని. షాపులో కంప్యూటర్ కింద రెండు రీము పెట్టెలు పేర్చి నిలబడి పనిచేశాను. కస్టమర్లు "ఏంటన్నా, కుర్చీ అమ్మేశావా?" అని జోకులు. గంటసేపు నిలబడితే మళ్ళీ అదో బాధ. నిలబడ్డమా కూర్చోవడమా అని కాదు, ఏదైనా సరే ఎక్కువసేపు ఉండకూడదు. కస్టమర్ వచ్చినప్పుడల్లా లేవడం పనికొచ్చింది. గిరాకీ ఉన్న రోజు నడుము బాగుండేది.

మందుల గురించి ఒక మాట. వాపు తగ్గించే బిళ్ళలు కొన్నాళ్ళు బాగా పనిచేశాయి, తర్వాత కడుపులో మంట. నరాల నొప్పికని మొదటి డాక్టరు ఇచ్చిన ప్రెగాబాలిన్ వేసుకుంటే మధ్యాహ్నం కౌంటర్ మీదే కునికిపాట్లు. సయాటికాకు ఆ మందు ఉత్తుత్తి బిళ్ళ కంటే మెరుగ్గా పనిచేయలేదని 2017లో ఆస్ట్రేలియా పరిశోధన తేల్చిందని సర్జన్ గారు చెప్పి, కొంచెం కొంచెంగా తగ్గించి ఆపించారు. దాన్ని ఒక్కసారిగా మానెయ్యకూడదు, డాక్టరు చెప్పిన లెక్కలోనే తగ్గించాలి.

ఆరు వారాలకు మళ్ళీ చూపించుకునేసరికి రంగు తొడ దగ్గర ఆగుతోంది. కుడి మడమ నాలుగైదుసార్లు లేచింది. ఆయన ఆపరేషన్ ఊసెత్తలేదు. మళ్ళీ ఎంఆర్ఐ తీయిద్దామా అంటే, "నువ్వు బాగుంటే బొమ్మ దేనికి?" అన్నారు. అక్కడి నుంచి నడుము కండరాల పని. చేతులూ మోకాళ్ళ మీద ఉండి ఎదురెదురు చెయ్యీ కాలూ చాచడం, పక్కకు ఒరిగి మోచేయి మీద ఒళ్ళు ఎత్తి ఉంచడం, వెల్లకిలా పడుకుని తలా భుజాలూ కొద్దిగా ఎత్తడం. కెనడాలో వెన్ను మీద పరిశోధన చేసిన స్టువర్ట్ మెక్‌గిల్ వీటికి ప్రాచుర్యం తెచ్చారు. చూడ్డానికి ఏమీ లేనట్టుంటాయి, పక్కకు ఒరిగి లేచేది మాత్రం మొదట్లో నా వల్ల కాలేదు. మా పాప పక్కన కూర్చుని అంకెలు లెక్కపెడుతూ, మధ్యలో కావాలని నెమ్మదించేది.

కోలుకోవడం సాఫీగా ఏమీ జరగలేదు. బంధువుల పెళ్లికి బస్సులో వెనక సీట్లో పోయి వస్తే రంగు మళ్ళీ పిక్కకు దిగింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, అంతా మొదటికొచ్చిందనుకున్నాను. రెండు మోకాళ్ళ మధ్య దిండు పెట్టుకుని పక్కకు తిరిగి పడుకుని, మర్నాడు నుంచి బోర్లా వ్యాయామం మళ్ళీ చేస్తే వారం తిరక్కుండా పైకి ఎక్కింది. ఈసారి దారి తెలుసు కాబట్టి భయం తక్కువ. నొప్పిలో సగం ఆ భయమేనని నాకు గట్టి అనుమానం.

ఇప్పుడు షాపులో పది రీముల పెట్టె కింద ఉండగానే విప్పి, రెండేసి రీములు పొట్టకు ఆనించుకుని పైకి పేర్చుతాం. రాత్రి బస్సులు మానేశాను, హైదరాబాద్ అంటే రైలే. సుత్తితో కొడితే నా కుడి పాదం ఇప్పటికీ ఎగరదు, కొందరికి అది అలాగే ఉండిపోతుందట. చిటికెన వేలి పక్కన గోరంత మేర మొద్దుగానే ఉంది. నడకకు దాంతో ఇబ్బంది లేదు. మొన్న మా బావ ఫోన్ చేసి, నడుము నొప్పికి ఎంఆర్ఐ తీస్తే మూడు చోట్ల బల్జ్ ఉందన్నారని కంగారు పడ్డాడు. కాల్లోకి దిగుతోందా అని అడిగాను. లేదు, నడుములోనే అన్నాడు. మునివేళ్ళ మీదా మడమల మీదా నడిచి చూడమని ఫోన్ పట్టుకునే ఉన్నాను. అవతల నుంచి మా అక్క నవ్వు వినిపించింది.